బర్డాక్ రివ్యూ: గోదావరి డెల్టాలో విత్తనం వేస్తే వేరు ఊరుతుందా?

నమస్తే అండి. ఈ రోజు రివ్యూ బర్డాక్ మీద. జపాన్ వాళ్ళు గోబో అంటారు, వాళ్ళ వంటింట్లో ఇది మామూలు కూరగాయే. వేలు లావున, రెండు మూడు అడుగుల పొడవున నేలలోకి దిగే వేరు ఇది. నేను వేసింది తాకినోగావా అనే పొడుగు రకం, పాతకాలం నుంచీ పేరున్న రకం. మన డెల్టాలో పండుతుందా అంటే పండుతుంది, కానీ అంతా మట్టి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ముందు మట్టి సంగతే చెప్తాను.

వరి పండే మన నల్ల బంకమట్టిలో దీన్ని వెయ్యకండి. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది, ఎండితే ఆ మట్టి బిగుసుకుపోయి వేరు కిందకి దిగలేక చీలిపోతుంది. లంక భూములున్నవాళ్ళు అదృష్టవంతులు, గోదావరి వరదకి మేట వేసిన ఆ ఇసక కలిసిన ఒండ్రు దీనికి సరిగ్గా సరిపోతుంది. మిగతావాళ్ళకి నా సలహా ఎరువుల బస్తా. ఖాళీ యూరియా బస్తా బాగా కడిగి, అడుగున చిల్లులు పెట్టి, సగం లంక మట్టి, మిగతా సగంలో కొబ్బరి పొట్టు, బాగా చివికిన గెత్తం సమానంగా కలిపి నిలువునా నింపండి. పచ్చి గెత్తం వేస్తే వేర్లు కొమ్మలు కొమ్మలుగా చీలతాయి. కోనసీమలో కొబ్బరి పొట్టు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది కదా అని పీచు ఫ్యాక్టరీ దగ్గర కుప్పలోంచి పచ్చిది తెచ్చి పొయ్యకండి, దాంట్లో ఉప్పు, వగరు ఉంటాయి, బాగా మాగినదీ కడిగినదీ అయితేనే వాడండి.

బస్తాకి ఇంకో లాభం ఉంది, అసలు నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. నేలలో వేస్తే తవ్వడం చాలా కష్టమండి, గునపం పట్టుకుని అంత లోతు తవ్వాలి, చివరికి వచ్చేసరికి వేరు పుటుక్కున విరుగుతుంది. బస్తా అయితే పక్కన కోసేస్తే చాలు, మట్టి జారిపోయి వేరు మొత్తం చేతికొస్తుంది.

ఇక విత్తనం. రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. లోతుగా పాతిపెట్టకండి, దీని విత్తనం మొలవడానికి వెలుతురు సాయం చేస్తుంది, పైన పల్చగా మట్టి చల్లితే సరిపోతుంది. తడి ఆరకుండా చూసుకుంటే ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది. నారు పోసి పీకి నాటే పని మాత్రం వద్దు, మొదటి వేరు తెగితే ఇక అది తిన్నగా దిగదు. బస్తాకి మూడు నాలుగు గింజలు వేసి, మొలిచాక గట్టి మొక్కలు రెండు ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించెయ్యండి.

ఎప్పుడు వెయ్యాలంటే, తుఫాను వానలు తగ్గాక, నవంబర్ నెలాఖరు నుంచి. వేరు తవ్వకానికి రావడానికి సుమారు 120 రోజులు పడుతుంది, అంటే మార్చి నెలాఖరుకి పని అయిపోతుంది, మన ఎండలు ముదరకముందే, కాలవలు కట్టెయ్యకముందే. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కాలవ నీళ్ళే పట్టండి. పేనుబంక వస్తుంది, ఆకు అడుగున చూస్తూ ఉండండి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొడితే అదుపులో ఉంటుంది.

బర్డాక్ రెండేళ్ళ మొక్క. చల్లటి దేశాల్లో రెండో ఏడు ఊదా పూలు పూసి కొక్కేల్లాంటి ముళ్ళకాయలు కాస్తుంది, 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్‌కి వెల్క్రో (బూట్లకీ సంచులకీ ఉండే, అంటించి పీకే పట్టీ) ఆలోచన ఈ కాయలు చూసే వచ్చింది. మన దగ్గర అంత చలి లేదు, అందుకని సొంత విత్తనం మీద ఆశ పెట్టుకోకండి, ఏటా కొనుక్కోవాల్సిందే. ఇంకో ముఖ్యమైన మాట, మన గట్ల మీద పశువుల తోకలకి అంటుకునే మరులమాతంగి కాయ చూసి ఇదే అనుకునేరు. అది వేరే మొక్క, దాని గింజలూ లేత మొలకలూ విషం.

వంటకొస్తే, నాకు నిజంగా నచ్చింది. మట్టి వాసనతో కూడిన చిన్న తియ్యదనం, కరకర. తొక్క చెక్కకండి, రుచంతా అక్కడే ఉంది, పీచుతో రుద్ది కడిగితే చాలు. కొయ్యగానే నల్లబడుతుంది కాబట్టి అరటిదూటకి చేసినట్టే మజ్జిగ నీళ్ళలో వెయ్యండి. జపాన్‌లో దీన్ని క్యారెట్‌తో పాటు సన్నగా తరిగి సోయా సాస్, నువ్వులతో వేయిస్తారు, కిన్‌పిరా అంటారు. మా ఇంట్లో ఎండుమిరపకాయ, నువ్వులపొడి వేసి వేపుడు చేస్తే ఖాళీ అయిపోయింది. బెల్లం వేసిన పులుసులో కూడా ముక్క చెదరకుండా నిలబడుతుంది. దీంట్లో ఇనులిన్ అనే పీచు ఎక్కువ, మొదటిసారే ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం వస్తుంది, కొంచెంతో మొదలుపెట్టండి.

మందుగా వాడటం గురించి చాలామంది అడిగారు. ఎండబెట్టిన ముక్కలు చెంచాడు, కప్పు నీళ్ళలో పది నిమిషాలు మరిగిస్తే టీ అవుతుంది, తాగడానికి బాగుంటుంది. కానీ రక్తం శుద్ధి అవుతుంది, షుగర్ తగ్గిపోతుంది అని డాక్టరు ఇచ్చిన బిళ్ళలు మానేసేంత రుజువులు లేవండి, దయచేసి ఆ పని చెయ్యకండి. గర్భిణులు వద్దు. షుగర్ మందులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వద్దు. చామంతి జాతి మొక్కలు పడనివాళ్ళకి ఇది కూడా పడకపోవచ్చు, ఇదీ అదే కుటుంబం. పొడి, టీ ప్యాకెట్లు కొనడం కన్నా విత్తనం వేసుకోమని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఉంది. 1970లలో అమెరికాలో కొన్న బర్డాక్ టీ తాగి విషప్రభావానికి గురైన కేసు ఒకటి వైద్య పత్రికలో వచ్చింది, ఆ టీలో అట్రోపిన్ అనే విషపదార్థం దొరికింది. బర్డాక్‌లో అట్రోపిన్ ఉండదు, అంటే వేరే మొక్క ఏదో కలిసిందన్నమాట. మన బస్తాలో మనం వేసిన విత్తనమే మొలుస్తుంది కదా.

అరెకరాలు వెయ్యకండి, మన మార్కెట్లలో దీన్ని అడిగి కొనేవాళ్ళు ఇంకా లేరు. ఇంటి వరకు నాలుగు బస్తాలు చాలు. తవ్వాక ఒకేసారి కడిగెయ్యకండి, మట్టితోనే తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వండే రోజు ఎన్ని కావాలో అన్నే కడుక్కోండి.