బిళ్ళ గన్నేరూ, మన కణాల్లోని గొట్టాలూ

అందరికీ నమస్కారం. ఇందాక లోపలికి వస్తూ గేటు పక్కన ఈ బిళ్ళ గన్నేరు పువ్వు కోసుకొచ్చాను. షుగర్ తగ్గుతుందని దీని ఆకులు నమిలేవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఇదేదో తేల్చుకుందామని ఆకుల రసం ఎలుకలకు ఎక్కించి చూస్తే షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. అలా దొరికిన క్యాన్సర్ మందే విన్‌బ్లాస్టిన్. అది పోయి పట్టుకునేది ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌ని.

ఈ ట్యూబ్యులిన్ జంటలు ఒకదాని మీద ఒకటి వరుసగా అతుక్కుని, అలాంటి వరుసలు మామూలుగా 13 పక్కపక్కన చేరితే 25 నానోమీటర్ల లావు బోలు గొట్టం తయారవుతుంది. అదే మైక్రోట్యూబ్యూల్. కణానికి ఇది ఎముకల గూడు అని పుస్తకాల్లో చదివి, ఒకసారి కడితే అలాగే ఉంటుందనుకుంటాం. ఉండదు. ఒకే కణంలో పక్కపక్కనున్న రెండు గొట్టాల్లో ఒకటి పెరుగుతుంటే రెండోది కూలిపోతుంటుంది, ఎందుకో 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చెప్పారు. కొత్తగా చేరే ప్రతి జంటా జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువును వెంట తెచ్చుకుంటుంది, చేరిన కాసేపటికి అది జీడీపీ అయిపోతుంది (బడ్జెట్‌లో వినే జీడీపీ కాదు లెండి). చివర జీటీపీ టోపీ ఉన్నంతసేపూ గొట్టం పెరుగుతుంది, టోపీ ఊడిందా, అరటితొక్క ఒలిచినట్టు వరుసలు బయటికి వంగి రాలిపోతాయి.

కట్టి కూల్చుకోవడం దేనికి? బావిలో బకెట్ పడితే తాడుకు గాలం కట్టి దించేవాళ్ళం గుర్తుందా, తగలకపోతే పైకి లాగి ఇంకోచోట వేసేవాళ్ళం. కణం విభజన చెందేటప్పుడు క్రోమోజోములను ఈ గొట్టాలు పట్టుకునేదీ దాదాపు అలాగే. అప్పుడు వాటి ఆయుష్షు నిమిషాల నుంచి నిమిషంలోపుకు పడిపోతుంది.

ఈ పెరగడం, కూలడం కణం అదుపులోనే ఉంటాయి, ఆ పని కొన్ని ప్రొటీన్లు చూసుకుంటాయి. కొన చివర ఎక్స్‌మ్యాప్215 ట్యూబ్యులిన్ ఇటుకలు అందిస్తుంది, కైనెసిన్-13 వచ్చి ఊడబెరుకుతుంది, స్టాత్మిన్ విడి ఇటుకలను దాచేస్తుంది, నరాల్లో టౌ గొట్టం పొడవునా అంటుకుని ఉంటుంది, కెటానిన్ మధ్యకు నరుకుతుంది (సమురాయ్ కత్తి పేరే పెట్టారు). నాకు బాగా నచ్చింది ఇంకోటుంది: విడి ట్యూబ్యులిన్ మరీ ఎక్కువైతే కణం దాని తయారీ ఆదేశాన్ని మోసే ఎంఆర్‌ఎన్‌ఏనే నాశనం చేస్తుంది, గోడౌన్‌లో సరుకు మిగిలిపోయిందని ఆర్డర్ కాగితం చించేసినట్టు.

పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన టాక్సాల్ అనే ఇంకో క్యాన్సర్ మందు పని విన్‌బ్లాస్టిన్‌కు తిరగబడి ఉంటుంది, గొట్టాన్ని కూలనివ్వదని 1979లో సుసాన్ హార్విట్జ్ బృందం చూపించింది. ఒకటేమో కట్టనివ్వదు, ఇంకొకటి కూలనివ్వదు, విభజన రెండిటికీ ఆగిపోతుంది. తక్కువ మోతాదులో అయితే రెండూ చేసేది ఒకటే, గొట్టం కొనను కదలకుండా చేయడం.

మా పెద్దమ్మకు టాక్సాల్ ఎక్కించారు. మూడో సైకిల్ తర్వాత కాలివేళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయంది, నీరసమేలే అన్నారు అక్కడి డాక్టరు. తర్వాత జాకెట్ హుక్కులు పెట్టుకోవడం రాలేదు, వేళ్ళకు అవి తగులుతున్నట్టే తెలిసేది కాదు. నరాల కణాలు విభజన చెందవు, కానీ వెన్ను దగ్గర్నుంచి కాలివేలి దాకా మీటరు పొడవున సరుకు నడిచేది ఈ గొట్టాల మీదే. అందుకే దూరంగా ఉన్న కాలివేళ్ళకు ముందు తగిలింది.

ప్రశ్నలుంటే అడగండి. ఈ ఆకులు మాత్రం నమలకండి, విషం.