తుంటి ఆపరేషన్ తర్వాత నొప్పికి ట్రమడాల్ మాత్రలా, ప్యాచా?

నమస్తే అండి. నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి నడిపించడం నా పని. మొన్న ఒంగోలు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, మా నాన్నకి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. ట్రమడాల్‌తో వాంతులవుతున్నాయని ఇప్పుడు చర్మం మీద మందు పట్టీ, అదే ప్యాచ్, అంటిస్తామంటున్నారు. అది మత్తుమందంట కదా, అలవాటైపోతే ఎట్టా?" అని అడిగింది. గొంతులో ఏడుపు తెలుస్తోంది. అందుకే ఈ వీడియో.

అమ్మా, నాన్న ఇన్నాళ్ళూ వేసుకున్న ట్రమడాల్ కూడా ఆ కోవలోదే. గట్టి నొప్పికి వాడే మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటనిల్, ప్యాచ్‌లో ఉండే బుప్రెనార్ఫిన్, ఇవన్నీ దాని తీరులోనే నొప్పిని అణుస్తాయి. వీటిని ఓపియాయిడ్లు అంటారు. ట్రమడాల్‌ని 2018లో మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చారు. మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. డాక్టరు చెప్పిన మోతాదులో కొద్ది రోజులు వాడి, తగ్గించుకుంటూ ఆపేస్తే అలవాటు పడే అవకాశం తక్కువ. మద్యం తాగే అలవాటో, నిద్రమాత్రల అలవాటో ముందునుంచీ ఉంటే మాత్రం దాచకుండా డాక్టరుకి చెప్పాలి.

నాకు ఇంకా పెద్ద భయం వేరే ఉంది. అది ఓర్చుకోవడం. కోవూరు దగ్గర ఒక అవ్వ కళ్ళాపి చల్లిన వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగా జరిగింది. "నొప్పి ఉందా అవ్వా?" అంటే, "ఏం లేదు నాయనా, బాగుండా" అనేది. మంచం మీద కదలకుండా పడుకుంటే నొప్పి ఎందుకు ఉంటుంది? వాకర్ ఇచ్చి లేపబోతే ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి. మాత్రలు దిండు కింద దాచిపెట్టింది, "వేడి చేస్తాయి" అని. ఆ నాలుగు రోజుల్లో నడుము కింద పుండు మొదలైంది, రాత్రిపూట ఎవరెవరినో పిలవడం మొదలుపెట్టింది. మందు ఎక్కువైతేనే మతి తప్పుతుందని మనం అనుకుంటాం. నొప్పి అణగకపోయినా ముసలివాళ్ళకి అలాగే అవుతుంది. అందుకే నొప్పి ఎంతుందో పడుకున్నప్పుడు కాదు, లేచి నిలబడినప్పుడు అడగండి.

ఇక ట్రమడాల్ సంగతి. చవక, అన్నిచోట్లా దొరుకుతుంది. కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని మార్చితేనే పూర్తిగా పనిచేస్తుంది. ఆ ఎంజైమ్ అందరిలో ఒకేలా ఉండదు. ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసిన మాత్ర పక్క మంచం ఆయనకి నీళ్ళు తాగినట్టే ఉండడం అందుకే. వికారం, కళ్ళు తిరగడం ఎక్కువ. తుంటి మనిషికి కళ్ళు తిరిగితే మళ్ళీ పడతారు. ఫిట్స్ ఉన్నవాళ్ళకి, డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్ళకి ప్రమాదం. 75 దాటినవాళ్ళకి రోజుకి 300 మిల్లీగ్రాములు మించకూడదు. టపెంటడాల్‌కి ఆ ఎంజైమ్‌తో పని లేదు. అయినా ఫిట్స్, డిప్రెషన్ మాత్రల జాగ్రత్త దానికీ ఉంది.

బుప్రెనార్ఫిన్ ప్యాచ్ ఒకటి అంటిస్తే 7 రోజులు మందు కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళ్తుంది. మింగేది లేదు, దిండు కింద దాచేది లేదు! తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగి ఆపరేషన్ అయినవాళ్ళలో ఈ ప్యాచ్‌నీ ట్రమడాల్ మాత్రల్నీ పోల్చిన అధ్యయనం 2017లో ఇండియన్ జర్నల్ ఆఫ్ అనస్థీషియాలో వచ్చింది. ప్యాచ్ వేసినవాళ్ళకి నొప్పి, వాంతులు తక్కువగా ఉన్నాయి. కానీ అంటించగానే పని చేయదు. మొదటి రోజు వేరే మందు ఆసరా కావాల్సిందే. ఈ సంగతి తెలియక "పనికిరాలేదు" అని పీకేసిన ఇళ్ళు చూశాను.

ప్యాచ్ ఉన్నచోట వేడి తగలకూడదు. మన ఇళ్ళలో నొప్పి అనగానే ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడతాం. దాంతో మందు ఒక్కసారిగా ఎక్కువ లోపలికి పోతుంది. జ్వరం వచ్చినా అంతే. మే నెల మధ్యాహ్నం నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పాలా? ఆరుబయట మంచం వేయకండి.

మన వైపు ఇంకో మాట తప్పకుండా చెప్పుకోవాలి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు, కిడ్నీ జబ్బులు ఏళ్ళుగా వింటున్నాం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో మార్ఫిన్ తాలూకు పదార్థాలు బయటికి పోక పేరుకుపోతాయి, ట్రమడాల్ కూడా తగ్గించాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. బుప్రెనార్ఫిన్ ఎక్కువగా కాలేయం మీదుగా పోతుంది కాబట్టి అలాంటివాళ్ళకి డాక్టర్లు దానివైపు మొగ్గుతారు.

ఫెంటనిల్ ప్యాచ్ వేరు. అది క్యాన్సర్ లాంటి దీర్ఘకాలపు నొప్పికి. చూడ్డానికి ఒకేలా ఉందని బంధువుల ఇంట్లో మిగిలింది తెచ్చి అంటించారో, ఊపిరి ఆగిపోతుంది. ఏ ఓపియాయిడ్‌తోనైనా నిద్రమాత్రలు కలపకండి. పిలిస్తే పలకనంత మగత, ఊపిరి నెమ్మదించడం కనిపిస్తే ప్యాచ్ తీసేసి 108కి ఫోన్ చేయండి. మలబద్ధకం అన్నిటికీ ఉంది, మొదటి రోజు నుంచే విరేచనం మందు రాయించుకోండి.

ఒంగోలు అమ్మాయీ, రేపు డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు నాన్న క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో, బీపీకీ షుగరుకీ నిద్రకీ వేసే మాత్రలన్నీ ఏంటో కాగితం మీద రాసి చూపించు. ప్యాచ్ పని మొదలయ్యేదాకా నొప్పికి, వాంతికి ఏం ఇస్తారో అడుగు. పారాసెటమాల్ ఆపొద్దంటారా, రోజుకి ఎన్ని అని కూడా అడుగు. వాడేసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి అందకుండా పారెయ్.