కారు లేకుండా విశాఖ వస్తే గది ఎక్కడ తీసుకోవాలి?

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నేను డాబాగార్డెన్స్‌లో ఒక లాడ్జి కౌంటరు వెనక ఇరవై రెండేళ్లు కూర్చున్నవాణ్ణి. రిజిస్టరు తిప్పి సంతకం పెట్టించుకోవడం, తాళంచెవి అందించడం, పొద్దున్నే వేడినీళ్లు రాలేదని తిట్లు తినడం: నా పాండిత్యమంతా అక్కడ సంపాదించినదే. ఉద్యోగం మానేసినా బంధువులు నన్ను మానలేదు. కాకినాడ తోడల్లుడైనా, వరంగల్ మేనకోడలైనా ఫోను చేస్తే ఒకటే మాట. "విశాఖ వస్తున్నాం, కారు లేదు, బీచ్ దగ్గర చవకలో ఒక గది చూసి పెట్టండి."

ఇందులో చిక్కంతా "బీచ్ దగ్గర" అన్న చోటే ఉంది. హార్బరు మొదలు భీమిలి దాకా ముప్ఫై కిలోమీటర్ల పొడవునా మనకు బీచే. అందులో ఏ ముక్క దగ్గర?

మా మేనకోడలు నా మాట వినకుండా రుషికొండలో గది తీసుకుంది. అద్దె తక్కువ, కిటికీ తెరిస్తే సముద్రం. బాగానే ఉంది. అయితే పిల్లలకు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూపించాలి, దాని ఎదురుగా ఉన్న టీయూ 142 విమానం చూపించాలి. జగదాంబ సెంటర్లో బట్టలు కొనాలి. సింహాచలం వెళ్లాలి. రుషికొండ నుంచి ఊరి నడిబొడ్డుకు 10 కిలోమీటర్ల పైమాటే. బస్సు లేక కాదు. 900కె నంబరు బస్సు రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్తుంది. కానీ అలల్లో తడిసి, ఒంటినిండా ఇసుకతో, నిద్రకు తూగుతున్న పిల్లలను పట్టుకుని రాత్రి ఎనిమిది దాటాక బస్సు కోసం నిలబడే ఓపిక ఎవరికి ఉంటుంది? మూడు రోజులూ ఆటోలే. వెళ్లే ముందు ఆ ఖర్చులన్నీ ఒక కాగితం మీద కూడింది. గది అద్దె కంటే ఆ అంకె పెద్దది. "చూడు మామయ్యా" అని ఆ కాగితం నా చేతికిచ్చింది, ఆటోలు నేను నడిపినట్టు.

కారు లేనివాళ్లకు నేను చెప్పే విశాఖ ఒక ముక్కోణం. ఒక మూల రైల్వే స్టేషన్, ఒక మూల కాంప్లెక్స్, ఇంకో మూల జగదాంబ. కాంప్లెక్స్ అంటే ద్వారకా బస్ స్టేషన్. ఆ పేరు బోర్డు మీదే ఉంటుంది, ఊళ్లో ఎవరి నోటా వినపడదు. ఈ ముక్కోణం లోపల గది దొరికితే సిటీ బస్సు, సర్వీసు ఆటో గుమ్మం ముందుకే వచ్చినట్టు. సింహాచలం వెళ్లే 28, కైలాసగిరి వెళ్లే 10కె ఎక్కడానికి మళ్లీ ఇంకో ఆటో కట్టనవసరం లేదు.

మూడు మూలల తీరూ ఒకటి కాదు. ద్వారకానగర్, ఆశీలమెట్ట వైపు గదులు కాస్త కొత్తవి, అద్దె కూడా ఆ మేరకు ఉంటుంది. అక్కడ పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు ఎక్కువ కాబట్టి పెద్ద పరీక్ష ఏదైనా ఉన్న రోజున ఒక్క మంచం ఖాళీ ఉండదు. సూర్యాబాగ్, డాబాగార్డెన్స్, పూర్ణా మార్కెట్ పాత లాడ్జీల రాజ్యం. చవక. చప్పుడు కూడా ఎక్కువే, అందుకని రోడ్డు వైపు గది వద్దని వెనక గది అడగండి. స్టేషన్ దగ్గర దొండపర్తి, రైల్వే న్యూ కాలనీ. ఇక్కడ ఒక జాగ్రత్త. "స్టేషన్‌కు రెండు నిమిషాలు" అని ఫోనులో చెబితే ఏ వైపు అని అడగండి. స్టేషన్‌కు జ్ఞానాపురం వైపు ఇంకో ముఖం ఉంది. అటు దిగి ఇటు గది తీసుకున్నవాళ్లు పెట్టెలతో వంతెన ఎక్కి దిగాల్సిందే.

సముద్రం సంగతంటారా? జగదాంబ నుంచి ఆర్కే బీచ్ సుమారు 2 కిలోమీటర్లు. అయితే మా ఊరు బల్లపరుపు కాదు. కలెక్టరాఫీసు డౌన్, కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గర కేజీహెచ్ డౌన్ అని మేము ఊరికే అనం. వెళ్లేటప్పుడు దిగుడు, కాళ్లు వాటంతటవే పోతాయి. ముంత మసాలా తిని, చీకటి పడ్డాక తిరిగి రావడం ఎగుడు. ఫోనులో మ్యాపు ఈ మాట చెప్పదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పోయేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు ఆటో ఎక్కండి.

ఆడవాళ్లకు ఇంకో లెక్క ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆంధ్రప్రదేశ్ మహిళలకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ చేతికిస్తారు. నలుగురు ఆడవాళ్లు కలిసి వస్తే, బస్‌స్టాపు ఎదుట ఉన్న గదికి నూట యాభై ఎక్కువైనా లాభమే. వరంగల్ మేనకోడలికి ఇది వర్తించదు. ఆ విషయంలోనూ నా మీదే కోపం.

ఇప్పుడు అసలు సంగతి. గది అద్దె అడిగేవాళ్లు వందమంది, చెక్ ఔట్ పద్ధతి అడిగేవాళ్లు పదిమంది. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో శుక్రవారం పొద్దున ఆరింటికి దిగారనుకోండి. ఆదివారం సాయంత్రం అదే రైల్లో తిరుగు ప్రయాణం. 24 గంటల చెక్ ఔట్, అంటే దిగిన వేళ నుంచి రోజు లెక్కపెట్టే పద్ధతి ఉన్న లాడ్జిలో ఆదివారం పొద్దున గది ఖాళీ చేస్తే రెండు రోజుల అద్దె. సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టి సాయంత్రం దాకా తిరగవచ్చు. పెట్టెకు తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. అదే ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12 గంటలకు రోజు తీరిపోయే పద్ధతి ఉన్న చోటైతే, శుక్రవారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక రోజు, అక్కడి నుంచి ఇంకో రెండు రోజులు: మూడు అద్దెలు. బోర్డు మీద రెండు వందలు తక్కువ కనిపించిన గది ఇలా ఒక రోజు అద్దె ఎక్కువ గుంజుతుంది. కౌంటరులో కూర్చున్నవాడు మీరు అడగందే ఈ మాట చెప్పడు. నేనూ చెప్పేవాణ్ణి కాదు.

పన్ను కలిపి చెబుతున్నారా అని కూడా అడగండి. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. ఇంకా పాత 12 శాతం చెబితే కాగితం చూపించమనండి.

రాత్రి ఒక్కటే నడుం వాల్చాలంటే స్టేషన్‌లోనే రిటైరింగ్ రూములు, డార్మిటరీ పడకలు ఉన్నాయి. ఖాయమైన టికెట్ పీఎన్ఆర్ ఉంటే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. టికెట్ కొనేటప్పుడే ఇంకోటి చూసుకోండి. విశాఖ స్టేషన్‌కు వచ్చిన రైలు ముందుకు సాగాలంటే ఇంజను మార్చి వెనక్కి తిరగాలి. ఆ ఆలస్యం ఎందుకని కొన్ని దూరపు రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి. దువ్వాడ నుంచి విశాఖ రైలు దారిలో 17 కిలోమీటర్లు. అర్ధరాత్రి అక్కడ దిగితే ఆటోవాడు చెప్పిందే ధర, అతను తీసుకెళ్లిందే లాడ్జి. అతని కమీషన్ మీ అద్దెలోనే ఉంటుంది.

గది చూడకుండా డబ్బు కట్టకండి. చూడడమంటే పరుపు నొక్కి చూడడం కాదు. ముందు గోడను చేత్తో తాకండి. సముద్రపు గాలికి చెమ్మ పట్టిన గోడ చల్లగా, జిగటగా తగులుతుంది, ఆ గదిలో తడి తువ్వాలు రెండు రోజులైనా ఆరదు. స్నానాల గదిలో కొళాయి తిప్పి, నీళ్లు రంగు మారేదాకా ఆగండి. మొదట తుప్పు రంగు వచ్చి తేటపడితే పరవాలేదు, తేటపడకపోతే పైకి చెప్పి ఇంకో గది అడగండి. వేడినీళ్లు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్నది మరిచిపోకండి.

ఆధార్ అసలుది తెచ్చుకోండి. విశాఖ చిరునామా ఉన్న ఆధార్‌కు చాలా లాడ్జీలు గది ఇవ్వవు. సొంత ఊళ్లో పెళ్లికి వచ్చిన అన్నదమ్ములను కూడా నేను వెనక్కి పంపాను. యజమాని మాట అది, నా మనసు కాదు.

దసరా సెలవుల్లో బెంగాలీ కుటుంబాలు దిగుతాయి. చలికాలం పొడవునా అరకు జనం, వైశాఖంలో సింహాచలం చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ. ఆ రోజుల్లో బేరం ఉండదు, ముందే ఫోను చేసి పేరు రాయించుకోవాలి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టినా బయలుదేరే ముందు లాడ్జికి నేరుగా ఫోను చేయండి. మీ బుకింగు వాళ్ల రిజిస్టరుకు ఎక్కిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇక అరకు వెళ్లేవాళ్లు. పాసింజరు పొద్దున ఏడు లోపే కదులుతుంది, దారిలో ఎన్నో సొరంగాలు, తప్పిపోతే ఆ రోజు పోయినట్టే. ఆ ముందు రాత్రి మాత్రం జగదాంబ వదిలేసి, దొండపర్తి వైపు స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో పడుకోండి. ఐదింటికి లేపమని కౌంటరులో చెప్పండి. చెప్పి, మీ ఫోనులో అలారం కూడా పెట్టుకోండి. లేపుతానని మాట ఇచ్చి కౌంటరు మీదే నిద్రపోయిన రాత్రులు నాకే రెండు మూడు ఉన్నాయి.