పన్ను పీకించుకునే ముందు దవడ కండరం నొక్కి చూడమనండి

అందరికీ నమస్కారం. ఉగాది సభలో ఫిజియోథెరపిస్టుకు మైకు ఇచ్చిన సంఘం పెద్దలకు ధన్యవాదాలు. మెడనొప్పి గురించి మాట్లాడమన్నారు. మెడ సంగతి ఇంకోసారి చెబుతాను. ఇవాళ దవడ గురించి చెప్పకుండా ఉండలేను.

హిందూపురం నుంచి బెంగళూరు మారతహళ్లిలో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ. కుడివైపు కింది దంతం పోటు. రూట్ కెనాల్ చేశారు, తగ్గలేదు. అదే పన్ను పీకేశారు, అయినా తగ్గలేదు. నమలక్కర్లేదని రాగిముద్దే తింటూ కాలం గడిపారు. మా దగ్గరికి వచ్చినప్పుడు చేతికి తొడుగు వేసుకుని, బొటనవేలు బుగ్గ లోపల, రెండు వేళ్లు బయట ఉంచి, నమిలే కండరం మాసెటర్‌ని మధ్యలో పట్టుకున్నాను. దవడ మూల దగ్గర తాడు ముడిలా బిగిసిన చోటు తగిలింది. మెల్లగా నొక్కగానే ఆవిడ నా మణికట్టు పట్టేసుకుని, "అదేనమ్మా, ఆ పన్నే!" అన్నారు.

అక్కడ పన్ను లేదండీ. పీకేశారు కదా!

మాసెటర్‌లో బిగుతు ఉంటే నొప్పి వెనక దంతాల్లో తెలుస్తుంది. కణత కండరంలో ఉంటే పై పళ్లలో తెలుస్తుంది. పళ్ల నొప్పినీ ఈ కండరాల నొప్పినీ మెదడుకు చేర్చేది ముఖంలోని ట్రైజెమినల్ నరమే కాబట్టి పోటు ఎక్కడిదో మనిషికి అంతుపట్టదు. రోగికి తెలియకపోవడం సహజం. పీకేవాళ్లు ఒక్క నిమిషం వేలితో నొక్కి చూడకపోవడమే నా బాధ. పన్ను మళ్లీ మొలవదు!

ఒక్క పని చేయండి, అందరూ. పెదాలు మూయండి, పళ్లు తాకనివ్వకండి. నాలుక కొన పై పళ్ల వెనక ఆనించండి. దవడ విశ్రాంతిగా ఉండాల్సింది ఇలాగే. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లకు పళ్లతో పనిలేదు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో, ఆఫీసు కాల్‌లో పళ్లు బిగిస్తున్నారేమో గమనించుకోండి.

ఇదేదో నా సొంత వైద్యం కాదు. 2023లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ నొప్పికి చేత్తో కీలు కదిలించడం, బిగిసిన చోట్లు నొక్కి వదిలించడం, దగ్గరుండి చేయించే వ్యాయామాలు గట్టిగా సిఫారసు చేశాయి. దవడ కీలు మధ్య మెత్తగా ఉండే పళ్లెం (డిస్క్) తీసేసే ఆపరేషన్ వద్దన్నాయి.

నొప్పి లేకుండా దవడ టిక్కుమంటే దాని జోలికి పోకండి. కానీ నిలువుగా మూడు వేళ్లు నోట్లో పట్టకపోతే చూపించుకోండి. వక్క, గుట్కా అలవాటున్నవాళ్లయితే మరీనూ! బుగ్గ లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోని జబ్బు వాళ్లకు రావచ్చు. అది క్యాన్సర్‌కు దారితీయొచ్చు, దానికి మా మసాజ్ చాలదు. దవడతో పాటు ఛాతీ నొప్పి, చెమటలు ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి పరుగెత్తండి.

భోజనాలకు ఆలస్యమవుతోందని కార్యదర్శి గారు చూస్తున్నారు. దవడ నొప్పి ఉన్నవాళ్లు ఎడమవైపు బల్ల దగ్గరికి రండి, తొడుగులు తెచ్చాను. పన్ను పీకుడుకు తారీఖు తీసుకున్నవాళ్లు ముందు రండి.