ఉప్పుడు బియ్యం మిల్లు నీటి నుంచి కరెంటు: మట్టికుండ చేసే పని

[దృశ్యం: శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వెనుక కాలువ. పసుపు పచ్చని నీరు, పైన నురగ.]

నమస్కారం. ధాన్యాన్ని రాత్రంతా నానబెట్టిన తొట్టెల నుంచి తెల్లవారాక వదిలిన నీరు ఇది. కిలో ధాన్యానికి ఇంచుమించు లీటరు చొప్పున ఇలా బయటికి వస్తుంది. గింజలోని పిండి, చక్కెరలు, ఊకలోని రంగు, కొంత ఫినాల్ ఇందులో కరిగి ఉంటాయి కాబట్టి ఒక్క పూట నిలిచినా పులిసి ముక్కు మూసుకోవలసినంత వాసన వేస్తుంది. దీన్ని అలాగే కాలువలో వదిలితే, ఈ వ్యర్థాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుని చేపలకు ఊపిరి లేకుండా చేస్తాయి. అయితే పులుస్తున్నదంటేనే అందులో ఇంకా శక్తి మిగిలి ఉన్నదని అర్థం. ఆ శక్తిలో కొంత భాగాన్ని కరెంటుగా రాబట్టే సాధనమే మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్, తెలుగులో సూక్ష్మజీవ ఇంధన ఘటం.

[దృశ్యం: వరిమడి. చేతిలో బురద ముద్ద.]

మడిలో చేయి పెట్టి బురద తీసి చూడండి. లోపలి మట్టి బూడిద రంగులో ఉంటుంది, వరి మొక్క వేర్ల చుట్టూ మాత్రం తుప్పు రంగు కనిపిస్తుంది. మనం తిన్న తిండి నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను చివరికి మనం పీల్చే ఆక్సిజన్ అందుకుంటుంది. గాలి చొరని బురదలో బతికే కొన్ని బాక్టీరియాలు వాటిని మట్టిలోని ఇనుముకు అప్పగిస్తాయి, తుప్పు రంగు బూడిద రంగుగా మారడం ఆ పని ఫలితమే. అటువంటి బాక్టీరియాలలో ఒకటైన జియోబాక్టర్‌ను సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ 1987లో అమెరికాలోని పొటోమాక్ నది అడుగు బురదలో కనుగొన్నారు. ఇనుముకు బదులు కార్బన్ ముక్కను అందిస్తే, ఈ బాక్టీరియాలు దాని మీద జిగురు పొరలా పేరుకుని ఎలక్ట్రాన్లను దానికే ఇస్తాయి. సూక్ష్మజీవుల వల్ల విద్యుత్తు పుడుతుందని ఇంగ్లండులోని డర్హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. సి. పాటర్ 1911లోనే చూపించారు.

[దృశ్యం: బల్ల మీద మట్టికుండ. లోపల నల్లని కార్బన్ ఫెల్ట్, బయట చుట్టిన కార్బన్ గుడ్డ, రెంటినీ కలిపే తీగ.]

ఈ కుండలో మిల్లు నీటితో పాటు, సూక్ష్మజీవుల కోసం కొద్దిగా పేడనీళ్లు పోసి మూత బిగించాము. పిండిని కొన్ని సూక్ష్మజీవులు పులియబెట్టి ఎసిటేట్‌గా మారుస్తాయి. ఆ ఎసిటేట్‌ను జియోబాక్టర్ వంటివి తిని, ఒక్కొక్క అణువు నుంచి 8 ఎలక్ట్రాన్లను కార్బన్‌లోకి వదులుతాయి. అవి తీగ గుండా బయటి గుడ్డకు చేరతాయి, హైడ్రోజన్ అయాన్లు కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా చెమర్చినట్టు బయటికి వస్తాయి, రెండూ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. వేసవిలో మంచినీళ్లను చల్లబరిచే ఆ రంధ్రాలే ఇక్కడ నేఫియాన్ అనే ఖరీదైన ప్లాస్టిక్ పొర చేయవలసిన పనిని చేస్తున్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఘంగ్రేకర్ బృందం రైస్‌మిల్లు నీటితోనే రెంటినీ పోల్చి చూసినప్పుడు, నేఫియాన్ కన్నా మట్టికుండే ఎక్కువ విద్యుత్తు ఇచ్చింది. కుమ్మరి సారె మీద తయారయ్యే వస్తువుకు ఇంతటి యోగ్యత ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఇక లెక్క చూద్దాము, ఎందుకంటే ఈ విషయంలో ఆశలు ఎక్కువగా పెంచడం న్యాయం కాదు. నీటిలోని వ్యర్థాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ పరిమాణాన్ని సి.ఓ.డి. అంటారు. కిలో సి.ఓ.డి.లోని ఎలక్ట్రాన్లన్నీ తీగలోకి వస్తే సుమారు 3,350 ఆంపియర్-గంటలు అవుతుంది, ఘటం 0.3 వోల్టు దగ్గర పనిచేస్తే అది ఒక యూనిట్ కరెంటు. 10 టన్నుల ధాన్యం నానిన 10,000 లీటర్లలో లీటరుకు 2 గ్రాముల సి.ఓ.డి. ఉన్నదనుకుంటే మొత్తం 20 కిలోలు. సగం ఎలక్ట్రాన్లు చేతికొచ్చినా 10 యూనిట్లే, 20 హార్స్‌పవర్ మోటారు గంటసేపు తిరగడానికి కూడా అది చాలదు.

కాబట్టి మిల్లు యజమానికి అసలు లాభం మరో చోట ఉంది. మామూలు శుద్ధి ప్లాంటులో ఈ నీటిలోకి బ్లోయర్లతో రాత్రింబవళ్లు గాలి ఊదాలి, ప్లాంటు వాడే కరెంటులో సగం వరకు దానికే పోతుంది. ఆ ప్లాంటులో తయారయ్యే బురదను ఎత్తి పారబోయడం వేరే ఖర్చు. కుండల్లోని సూక్ష్మజీవులకు ఊదిన గాలి అక్కరలేదు, అవి నెమ్మదిగా పెరుగుతాయి కనుక బురద కూడా తక్కువ. ఆ కుండల వరుస దాటిన నీటికి తరువాతి తొట్టెలో కొద్దిపాటి గాలి సరిపోతుంది.

చిక్కులూ ఉన్నాయి. కొన్ని నెలలకు బయటి గుడ్డ మీద తెల్లని ఉప్పు పొర పేరుకుని కరెంటు తగ్గుతుంది, దాన్ని ఎప్పటికప్పుడు తోమి కడగాలి. వోల్టేజీ పెంచాలని కుండలను టార్చిలైటు సెల్లుల్లా వరుసగా కలిపితే, తిండి చాలని కుండ ధ్రువాలు తారుమారై మిగిలిన వాటి శక్తిని మింగేస్తుంది. అందుకే ప్రతి కుండకూ విడిగా, విద్యుత్తును నిల్వ చేసే ఒక కెపాసిటర్ అమర్చి, అవి నిండాక వాటిని వరుసగా కలుపుతారు. ఎర్ర ఎల్‌ఈడీ దీపం వెలగాలంటే సుమారు 1.8 వోల్టులు కావాలి, ఒక్కో కుండ 0.4 ఇస్తే ఐదు కుండలు ఉండాలి.

[దృశ్యం: చీకటి గది, ఐదు కుండలు. ఎర్ర దీపం ఒక్కసారి మెరిసి ఆరుతుంది. మీటరు మీద అంకె మళ్లీ మెల్లగా పైకి పాకుతుంది.]