సలేశ్వరం దిగొచ్చినంక తొడలెందుకు పట్టుకుంటయ్? లాక్టిక్ యాసిడ్ కాదు, చేదబాయి కాడికి రండి చెప్త

[పాత చేదబాయి గట్టు. గిరక మీద చేంతాడు, కింద బొక్కెన. ప్రెజెంటర్ గట్టు పక్కన నిలబడి.]

నమస్తే. నల్లమల అడివి లోయల ఉన్న సలేశ్వరం లింగమయ్య జాతరకు పోయొచ్చి మావోళ్లకు ఇయ్యాల మూడో రోజు. పొద్దుగాల మా బావ ఇంటికి పోతే ఆయన మెట్లు దిగుతున్నడు. ఎట్ల దిగుతున్నడంటె, మొహం మెట్ల దిక్కు పెట్టి, రెండు చేతులతోని గోడ పట్టుకొని, ఎనకకు ఎనకకు ఒక్కో మెట్టు. "ఏమైంది బావా?" అన్న. "లోయ ఎక్కొచ్చిన కదరా, తొడలల్ల లాక్టిక్ యాసిడ్ నిలిచింది. నిమ్మరసం తాగితే కరుగుతదంట" అన్నడు.

లాక్టిక్ యాసిడ్ అంటె కండ గట్టిగ పనిచేసినప్పుడు అండ్ల తయారయ్యేది. ఈ మాట ఇంటుంటె నాకు పాణం ఆగదు. జిమ్ముల ఇదే చెప్తరు, గ్రౌండుల ఇదే చెప్తరు, ఆఖరుకు నొప్పుల మందు అమ్మేటోళ్లు కూడ ఇదే చెప్తరు. ఆ ఒక్క మాటల రెండు తప్పులున్నయ్. ఆ నొప్పి యాసిడ్‌ది కాదు. ఎక్కుడుది కూడ కాదు. "వస్తున్నం లింగమయ్యా" అనుకుంట లోయలకు దిగినప్పుడే తొడల పని అయిపోయింది. "పోతున్నం లింగమయ్యా" అనుకుంట ఎక్కినప్పుడు పోయింది దమ్ము మాత్రమే.

నమ్మబుద్ధి అయితలేదు కదా? అందుకే బాయి కాడికి తీసుకొచ్చిన.

[చేంతాడు పట్టుకొని నిండు బొక్కెన చేదుతూ]

నా చేతులు చూడుండి. కుడిచెయ్యి తాడు పట్టింది, గుంజింది, విడిచింది, ముందుకు పోయి మళ్ల పట్టింది. నడుమ ఎడమచెయ్యి ఆపింది. ఇప్పుడు చెప్పుండి, తాడు పొట్టిగైందా? కాలేదు. నా చేతులు పొట్టిగైనయా? కాలేదు. తాడు జారింది, బొక్కెన మీదికొచ్చింది. మీ తొడ కండ లోపల జరిగేది అచ్చం ఇదే. అండ్ల ఆక్టిన్ అని సన్న పోగు ఉంటది, అది చేంతాడు. మయోసిన్ అని లావు పోగు ఉంటది, దాని పొంట చిన్న చిన్న చేతులుంటయ్. ఒక్కో లావు పోగుకు దాదాపు 300 చేతులు. ఆ చేతులు తాడును పట్టి గుంజుతయ్, రెండు పోగులు ఒకదాని మీద ఒకటి జారుతయ్. పోగు ముడుచుకపోదు, జారుతది. కండ పొట్టిగైనట్టు కనపడేది అందుకే.

దీన్ని కనిపెట్టిన కథ నాకు మస్తు ఇష్టం. 1954ల నేచర్ పత్రిక ఒకటే సంచికల రెండు వ్యాసాలు పక్కపక్కన వచ్చినయ్. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కె రాసింది. ఇంకోటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది. ఇద్దరు హక్స్‌లీలకు చుట్టరికం ఏం లేదు. ఎవరికి వాళ్లు చూసి, ఇద్దరూ ఒకటే మాట చెప్పిండ్రు.

ఒక చెయ్యి ఒక గుంజుకు తాడును జరిపేది దాదాపు 10 నానోమీటర్లు. మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే అండ్ల పది ముక్కలు. అంత చిన్న గుంజుళ్లు లెక్కలేనన్ని కలిస్తే మీరు బండ మీదికెళ్లి ఇంకో బండ మీదికి కాలు లేపుతరు. ఆ చేతులన్నీ ఒక్కసారి తాడును విడువయ్, కొన్ని పట్టుకుంటె కొన్ని విడుస్తయ్. అన్నీ ఒక్కసారి విడిస్తే బొక్కెన బాయిల పడుతది కదా.

ఇప్పుడు అసలు మాట. ఈ పనికి ఖర్చు ఎక్కడ అయితది? గుంజేటప్పుడు అనుకుంటరు అందరు. కని కండ లోపల ఉన్న చెయ్యి తాడును విడవాలంటెనే ఏటీపీ కావాలె, అంటె కండకు బలమిచ్చే చిన్న అణువు. ఏటీపీ వచ్చి తగిలితెనే పట్టు సడలుతది. తర్వాత ఆ ఏటీపీ ఇరిగినప్పుడు వచ్చిన బలంతోని చెయ్యి ఎనకకు ఒంగి, ముందటి గుంజుకు తయారైతది. పట్టు విడవాలన్నా, మళ్ల గుంజాలన్నా అదే ఏటీపీ. అది లేకపోతే చెయ్యి తాడు మీదనే బిగుసుకపోతది.

ఇది మన ఊళ్లల్ల పెద్దమనుషులకు తెల్సు. ఇంట్ల ఎవరన్న కాలం చేస్తే ముందుగాల ఏమంటరు? "కాళ్లు చేతులు సాపు చెయ్యుండి, కండ్లు ముయ్యుండి, ఆలస్యమైతే కట్టెబారుతది" అంటరు. కాలి బొటనవేళ్లు కలిపి కడ్తరు. మా తాత పోయినప్పుడు మా పెద్దనాయిన తాత ముడుచుకున్న వేళ్లు ఒక్కోటి మెల్లగ సాపు చేసిండు, నేను పక్కనే ఉన్న. ఊపిరి ఆగినంక కొత్త ఏటీపీ తయారుకాదు. కొన్ని గంటలల్ల ఉన్నది ఒడిసిపోతది, చేతులన్నీ తాడు పట్టుకొని అట్లనే ఆగిపోతయ్. శరీరం కట్టెబారేది అందుకే.

బతికున్న కండల ఈ పట్టు విడుపును నడిపేది కాల్షియం. తాడు మీద ఒక కాపలా పోగు ఉంటది, చేతులను పట్టనియ్యది. నరం నుంచి కబురు రాంగనే కండ లోపలి సంచులనుంచి కాల్షియం బయటికొస్తది, కాపలా పోగు పక్కకు జరుగుతది, చేతులు తాడందుకుంటయ్. కాల్షియంను మళ్ల సంచులకు తోడెయ్యనీకె కూడ ఏటీపీనే ఖర్చు.

మరి దిగుడు సంగతేంది?

[నిండు బొక్కెనను మెల్లగా బాయిలకు దించుతూ]

ఇప్పుడు నిండు బొక్కెన ఎనకకు దించుతున్న. ఒక్కసారి వదిలెయ్యద్దు, మెల్లగ దించాలె. తాడు పట్టుకొనే ఉన్న, కని అది నా చేతులను కిందికి గుంజుకపోతుంది. అరచెయ్యి చూడుండి.

[అరచెయ్యి కెమెరాకు దగ్గరగా. తాడు ఒరిసిన ఎర్ర గీత.]

చేదినప్పుడు పడని గీత, దించినప్పుడు పడ్డది. బండ దిగేటప్పుడు మీ తొడ కండ చేసేది ఇదే. పట్టుకొనే ఉంటది, పట్టుకుంటనే సాగుతది. పైగా దిగేటప్పుడు కండల తక్కువ పోగులే పనిల దిగుతయ్, ఒక్కో పోగు మీద బరువు ఎక్కువ పడుతది. కొన్ని చోట్ల పోగుల అమరిక చెదురుతది, సన్నసన్న గాయాలైతయ్. ఒళ్లు వాటిని బాగుచేసుకునే పనిల పడుతది, వాపొస్తది, అక్కడి నరాలు సున్నితమైతయ్. అందుకే నొప్పి అప్పుడే రాదు. తెల్లారి మొదలై రెండో రోజు, మూడో రోజు పెరుగుతది. మా బావ సంగతి సరిగ్గ ఇదే.

లాక్టిక్ యాసిడ్ ఎందుకు కాదో ఇప్పుడు మీరే చెప్పొచ్చు. దిగేటప్పుడు ఆయాసం రాదు, ఖర్చు తక్కువ, లాక్టేట్, అంటె ఒంట్ల ఆ లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం, అది కూడ తక్కువనే తయారైతది. నొప్పి మాత్రం దిగుడుతోనే ఎక్కువ. ఎక్కేటప్పుడు తయారైన లాక్టేట్ కూడ గంట, గంటన్నరల మామూలుకు వస్తది. అది చెత్త కాదు. గుండె దాన్ని కాల్చుకుంటది, కాలేయం దాన్ని మళ్ల గ్లూకోజ్ చేస్తది. మూడో రోజుకు అండ్ల ఏం మిగుల్తది?

ఇంకో సంగతి చెప్పకుంటె నాకు మనసొప్పది. 1920లల్ల పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కండ ముడుచుకునేదే లాక్టిక్ యాసిడ్‌తోని అనుకున్నరు. కండల మీద పనికి ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ వచ్చింది కూడ. ఆ నమ్మకాన్ని కదిలించినోళ్లల్ల మన తెలుగాయన ఉన్నడు. భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌ల సైరస్ ఫిస్కేతోని కలిసి 1927ల కండలల్ల ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929ల ఏటీపీని బయటపెట్టిండు. అదే ఏడు జర్మనీల లోమన్ కూడ ఏటీపీని పట్టిండు. కండల ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతది. దాని ఎంబటే నింపేది ఫాస్ఫోక్రియేటిన్, అది ఇంకో పది సెకన్ల దాక ఆదుకుంటది. 1930ల లుండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ ఆయన లాక్టిక్ యాసిడ్ తయారుకాకుండ ఆపి కూడ కండ ముడుచుకుంటదని చూపిచ్చిండు. మన మనిషి వందేండ్ల కింద పక్కకు జరిపిన యాసిడ్‌ను మనం ఇంక తొడలల్ల మోసుకొని తిరుగుతున్నం. నాకు బాధ అందుకే.

ఎండ ఎక్కుతుంది, మిగతాది జల్ది చెప్త. కండ ఖర్చు పెట్టే శక్తిల పని కింద మారేది నాలుగో వంతో, అంతకన్న తక్కువనో. మిగిలిందంత వేడి. ఆ వేడి లోపల నిలిస్తే మనిషి ఉడికిపోతడు. కని ఒళ్లు 37 డిగ్రీల కాడ నిలబెట్టుకుంటది. సాగర్ డ్యాం తీరు. నీళ్లు 590 అడుగుల దిక్కు వస్తుంటె 26 గేట్లల్ల కావాల్సినన్ని లేపుతరు, వరద తగ్గితే దించుతరు. మెదడుల హైపోథాలమస్ అట్లనే చూసుకుంటది. వేడెక్కితే చర్మానికి రక్తం ఎక్కువ పంపుతది, చెమట పట్టిస్తది. సల్లబడితే కండలనే వణికిచ్చి వేడి పుట్టిస్తది. ఈ నిలకడకు హోమియోస్టాసిస్ అని 1926ల పేరు పెట్టింది వాల్టర్ కానన్.

మన నల్లగొండ ఎండల గాలే ఒంటికన్న వేడిగ ఉంటది. అప్పుడు వేడి బయటికి పోయే తొవ్వ చెమట ఒక్కటే. రంజన్ల నీళ్లు సల్లబడ్డట్టే, ఆవిరైతెనే సల్లబడుతది. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతది. కారి కింద పడ్డ చెమటతోని లాభం లేదు. చెమటతోని ఉప్పు కూడ పోతది. రక్తంల సోడియం, అంటె ఉప్పుల ఉండేది, లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ నడుమ ఉండాలె. పొద్దంత చెమటోడ్చి ఉత్త నీళ్లే బిందెలు బిందెలు తాగితే అది పలచబడుతది. ఉప్పేసిన సల్ల, గంజి, అంబలి తాగుండి. ఓఆర్‌ఎస్ అయితే పెద్ద ప్యాకెట్ సరిగ్గ లీటరు నీళ్లల్ల కలపాలె, గిలాసల కాదు. బీపీ, కిడ్నీ మందులు వాడేటోళ్లు డాక్టర్ చెప్పిన ఉప్పు లెక్కనే పాటించుండి.

ఎండల మనిషి మాట తడబడ్డా, సోయి తప్పినా అది వడదెబ్బ. 108కు కొట్టుండి. వాళ్లొచ్చేదాక నీడకు తెచ్చి, ఒళ్లంత తడిపి, గాలి విసురుండి. సోయిల లేనోళ్ల నోట్ల నీళ్లు పొయ్యద్దు.

మా బావకు నిమ్మరసం తాగద్దని చెప్పలే, తాగితే మంచిదే, తొడలకు సంబంధం లేదన్న. మెల్లగ నడువమన్న, నాలుగైదు రోజులల్ల అదే పోతది. వచ్చే ఏడు జాతరకు రెండు వారాల ముందు రోజూ కొన్ని మెట్లు దిగుతే ఇంత నొప్పి రాదు, కండ ఒకసారి దెబ్బ తిని నేర్చుకుంటది. పోయేముందు ఒక్కటి మాత్రం అడిగిన: "బావా, మూత్రం ఏ రంగొస్తుంది?" మామూలే అన్నడు. చాయ డికాషన్ తీరు నల్లగొస్తే మాత్రం ఆగద్దు, అదే రోజు డాక్టర్ కాడికి పోవాలె. కండ బాగ చెదిరి దాని ప్రొటీన్ కిడ్నీలకు పోతుందన్నట్టు. అప్పుడు నొప్పి గోళీలు సొంతంగ అస్సలు ఏస్కోవద్దు.

[తాడు గిరకకు చుట్టి, బొక్కెన గట్టు మీద పెడుతూ.]