పెట్టె మీద రంగుల ఆల్చిప్ప, లోపల మతిమరుపు లైటు: రీఫ్ ఎల్‌ఈడీ రివ్యూ

నమస్కారం. ఈ బల్ల మీద ఉన్న రీఫ్ లైటును, అంటే సముద్రపు నీటి అక్వేరియం మీద పెట్టే ఎల్‌ఈడీ దీపాన్ని, తయారీదారులే ఉచితంగా పంపారు. ఈ రివ్యూ కోసం డబ్బేమీ ఇవ్వలేదు, వీడియోను నేను వారికి ముందుగా చూపించనూ లేదు. పేరు, వాట్లు, ధర అన్నీ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి కాబట్టి వాటిని చదివి వినిపించను.

పెట్టె మీద నీలం, ఊదా రంగుల్లో మెరిసే ట్రిడాక్నా అనే పెద్ద సముద్రపు ఆల్చిప్ప బొమ్మ ఉంది. విశాఖలోని నా ట్యాంకులో మాత్రం ఆల్చిప్ప లేదు. ట్రిడాక్నాలలో మాక్సిమా, స్క్వామోసా రకాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. ఎవరైనా చాటుగా అమ్మజూపినా కొనవద్దు. నేను ఈ లైటును క్లౌన్ చేపలు, కాలెర్పా నాచు ఉన్న ట్యాంకు మీద నడిపాను. అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు ఇదే మోడలును, పసిఫిక్ ద్వీపదేశం పలావులోని హేచరీలో పెరిగిన డెరాసా రకం ట్రిడాక్నా ఆల్చిప్ప ఉన్న ట్యాంకు మీద వాడుతున్నాడు. అక్కడికి వెళ్లినప్పుడు దాని ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

అద్దానికి ముఖం ఆనించి చూస్తే, గుల్ల అంచు దాటి బయటికి పరుచుకున్న మ్యాంటిల్ అనే మెత్తని కండ మీద బంగారు, నీలి గీతలు, అంచు పొడవునా సూదిమొనంత కళ్లు కనిపిస్తాయి. చేతి నీడ పడగానే ఆ మడతలన్నీ చటుక్కున ముడుచుకుంటాయి. ఆ రంగులకు పని ఉంది: మ్యాంటిల్‌లోని ఇరిడోసైట్ కణాలు కాంతిలో కొంత వెనక్కి తిప్పికొట్టి, పనికివచ్చే కాంతిని లోపలికి చెదరగొడతాయి. అక్కడ కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఆ కాంతితో తయారుచేసే ఆహారమే ఆల్చిప్ప తిండిలో పెద్ద వాటా. కాబట్టి నీటిలో కాల్షియం (420 పీపీఎం), ఉప్పదనం (సాపేక్ష సాంద్రత 1.025) సరిగ్గా ఉన్నా, లైటు సరిగా లేకపోతే అది బతకదు.

ఇక నా చిరాకు సంగతి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ లైటు మనం పెట్టిన టైమరును మరచిపోయి, నూరు శాతం వెలుగుతో, పూర్తి నీలంలో లేస్తుంది. అర్ధరాత్రి కరెంటు వచ్చినా ఇదే తంతు. హాలంతా నీలమైపోతుంది, క్లౌన్ చేపలు ఉలిక్కిపడి లేస్తాయి. కొత్త లైటు కింద ఆల్చిప్పను పెడితే, తక్కువ శాతంతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి; లేకపోతే అది శైవలాలను కోల్పోయి తెల్లబారుతుంది. అలాంటి జీవి బొమ్మను పెట్టె మీద అచ్చువేసుకున్నవారు గడియారానికి ఒక బటన్ బ్యాటరీ పెట్టలేకపోయారా? 2014లో హుద్‌హుద్ తుఫాను తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరి వాళ్లకు ఇది చిన్న లోపంగా తోచదు. నా పాత మెటల్ హాలైడ్ దీపం మే నెల ఉక్కలో ట్యాంకును చారు కాచినట్లు కాచేది, కానీ పది మందికీ తెలిసిన ప్లగ్ టైమరుతో బుద్ధిగా నడిచేది.

వేడి విషయంలో ఈ లైటు ఎంతో మేలు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం బాగా తక్కువగా తిరుగుతోంది. తెల్ల చానల్, అంటే తెల్ల ఎల్‌ఈడీల వెలుగు, కూడా శుభ్రంగా ఉంది. జీవుల ఆరోగ్యాన్ని దాని కిందనే చూడండి, ఎందుకంటే పూర్తి నీలంలో తెల్లబారిన కణజాలం సైతం అందంగానే మెరుస్తుంది.

ట్యాంకు లైనును ఇన్వర్టరుకు కలుపుకోగలిగినవారు దీనిని కొనవచ్చు. సొంత డబ్బుతో అయితే నేను కొనను. టైమరు గుర్తుంచుకునే మోడలు పంపితే మళ్లీ పరీక్షిస్తానని తయారీదారులకు రాశాను.